అత్తగారి ఊళ్లో రామాలయ ప్రతిష్ఠ: మూడు రోజులూ ఉండాలా, చివరి రోజు వెళ్తే చాలా?

నాగావళి_కోడలు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అత్తగారిది ఆమదాలవలస దాటాక బూర్జ వైపు, నాగావళి ఒడ్డున ఉన్న ఊరు. పాత రామాలయం శిథిలమైపోతే తీసేసి, కొన్నేళ్లుగా కొత్తది కడుతున్నారు. ఈ ఫాల్గుణంలో ప్రతిష్ఠ. పత్రిక వాట్సాప్‌లో వచ్చింది. "త్రయాహ్నిక దీక్షా పూర్వక విగ్రహ, శిఖర, ధ్వజస్తంభ ప్రతిష్ఠా మహోత్సవం" అని పైన పెద్ద అక్షరాలు, కింద రెండు పేజీల కార్యక్రమాలు. జలాధివాసం, ధాన్యాధివాసం, రత్నన్యాసం, నేత్రోన్మీలనం... సగం పేర్లు నాకు కొత్త.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. సంక్రాంతికి ఆ ఊరు వెళ్లడమే కానీ ఇంత పెద్ద కార్యం ఎప్పుడూ చూడలేదు. మూడో రోజు పొద్దున్నే దిగి, ప్రతిష్ఠ చూసుకుని, భోజనం చేసి రాత్రి రైలెక్కేద్దామని మా వారు అంటున్నారు. అత్తయ్యగారేమో "మొదటి రోజుకే వచ్చేయండమ్మా, పెద్దోడు పీటల మీద కూర్చోవాలి" అంటున్నారు. పాపకి ఆరేళ్లు. ఏ రోజు ముఖ్యం, ఏం తీసుకెళ్లాలి, పాపతో ఇబ్బంది అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రాజాం_మాస్టారు · ఆదివారం, రాత్రి 10:25

అమ్మా, మీ అత్తగారు చెప్పినట్టే చేయండి. పీటల మీద కూర్చునే దంపతులకి మొదటి రోజే కంకణం కడతారు. కంకణం కట్టుకున్నవాళ్లు దీక్షా విరమణ అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఒంటిపూట భోజనం, నేల మీద పడక. మధ్యలో వచ్చి కూర్చుంటామంటే కుదరదు. పెద్ద కొడుకుని కూర్చోబెట్టాలని వాళ్లు అనుకున్నారంటే ఆ ఇంటి పేరు ఇప్పటికే కమిటీ రాసుకుని ఉంటుంది. సెలవు ఎలాగోలా పొడిగించుకోమనండి.

పీటల సంగతి పక్కన పెట్టినా, చివరి రోజు మాత్రమే వెళ్లేవాళ్లకి దక్కేది తక్కువ. ముహూర్తం వేళకి గర్భగుడి ముందు కాలు పెట్టే చోటుండదు. ముందువాళ్ల వీపులు, పైకెత్తిన ఫోన్లు, మైకులో మంత్రం, అంతే. ఊరు నిజంగా కనపడేది మొదటి రెండు రోజుల్లోనే. విగ్రహాలు ఇంకా బయటే ఉంటాయి, దగ్గరికి వెళ్లి చూడవచ్చు, చేత్తో నీళ్లు పోయవచ్చు. ప్రతిష్ఠ అయిపోయాక అర్చకుడు తప్ప ఎవరూ ముట్టుకోలేరు. రాముడి పాదాలు మీ పాప తన చేత్తో తాకే అవకాశం ఆ రెండు రోజులే. ఆ ఊరి పిల్ల, తాకనివ్వండి.

యాగశాల_నీడ · సోమవారం, ఉదయం 6:10

పత్రికలో పేర్ల సంగతి నేను చెప్తాను. మాది పౌరోహిత్య కుటుంబం. శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రతిష్ఠలకి ఋత్విక్కుగా వెళ్తుంటాను. గుడి పూజా సంప్రదాయం వైఖానసమా, పాంచరాత్రమా, స్మార్తమా అన్నదాన్ని బట్టి వరుస కొంత మారుతుంది కానీ మూడు రోజుల ప్రతిష్ఠ ఇంచుమించు ఇలాగే నడుస్తుంది.

మొదటి రోజు విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం, కంకణధారణ. సాయంత్రం అంకురార్పణ. శుభ్రమైన చోట మట్టి తీసి, పాలికల్లో, అంటే మట్టి పాత్రల్లో పోసి నవధాన్యాలు చల్లుతారు. అరణి మథించి అగ్ని పుట్టిస్తారు. అది మీ పాపకి తప్పకుండా చూపించండి. అగ్గిపెట్టె లేకుండా కర్రని కర్రతో చిలికి నిప్పు తీయడం. మొదట సన్నటి పొగ వస్తుంది, కొబ్బరిపీచులో నిప్పురవ్వ పడుతుంది, ఊదితే మంట లేస్తుంది. ఆ మంటే హోమగుండాల్లోకి వెళ్తుంది.

తర్వాత అధివాసాలు. జలాధివాసంలో విగ్రహాన్ని నీళ్లలో ఉంచుతారు. రాయిలో కంటికి కనపడని పగులేదైనా ఉంటే అక్కడ బయటపడుతుందని స్థపతులు కూడా చెప్తారు. ధాన్యాధివాసంలో ధాన్యంలో కప్పుతారు. ఊళ్లో ఇంటింటి నుంచి కుంచమో అరకుంచమో ధాన్యం వస్తుంది. మీ ఇంటి నుంచి మీ చేత్తోనే తీసుకెళ్లి పోయండి. పూలలో పుష్పాధివాసం. రెండో రోజు రాత్రి శయ్యాధివాసం, పరుపు పరిచి స్వామిని పడుకోబెట్టడం. ఆ రాత్రి యాగశాల దగ్గర కాసేపు కూర్చోండి. మైకు ఆపేస్తారు, వేదపారాయణ ఒక్కటే సాగుతుంది.

మూడో రోజు ముహూర్తానికి ముందు పీఠం కింద గుంటలో రత్నన్యాసం. నవరత్నాలు, పంచలోహాలు, నవధాన్యాలు, దాని మీద యంత్రం, యంత్రం మీద విగ్రహం. విగ్రహం కదలకుండా అష్టబంధనం వేస్తారు. లక్క, గుగ్గిలం, మైనం, కావిరాయి, వెన్న లాంటి ఎనిమిది పదార్థాలు కలిపి రోట్లో గంటల తరబడి దంచుతారు. దంచేకొద్దీ వేడెక్కి సాగుతుంది, ఆపితే బిగుసుకుపోతుంది. అందుకే ఒకరి చేయి నొప్పెడితే ఇంకొకరు రోకలి అందుకుంటారు. మా వైపు ఊళ్లలో ఈ పని కుర్రాళ్లు పోటీపడి చేస్తారు. ముద్ద మెత్తగా ఉండగానే పాకంలా తీగలు చేసి పీఠానికి, విగ్రహానికి మధ్య సందులో కూరుతారు. కొన్నాళ్లకి అది రాయితో సమానంగా గట్టిపడుతుంది.

ఆ తర్వాత ప్రాణప్రతిష్ఠ, నేత్రోన్మీలనం. బంగారు శలాకతో కళ్లు తెరుస్తారు. తొలిచూపు మనుషుల మీద నేరుగా పడకూడదని ముందు అద్దం చూపిస్తారు. ఆ తర్వాత దూడతో ఉన్న ఆవు, ధాన్యరాశి, కన్నెపిల్లలు. తెర తీశాక జనానికి దర్శనం. ఆ వరుసలో కన్నెపిల్లల్ని నిలబెడతారు కాబట్టి, మీ పాప పేరు ముందే అత్తగారితో చెప్పించండి.

నాగావళి_కోడలు · సోమవారం, మధ్యాహ్నం 1:15

చదువుతుంటేనే వెళ్లాలనిపిస్తోంది. మా వారు సెలవు అడిగారు, మూడు రోజులూ ఉంటున్నాం. మాస్టారికి, యాగశాల గారికి కృతజ్ఞతలు. ఆడవాళ్లం ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్తారా? ఇంకో మాట, సరిగ్గా ఆ తేదీల్లోనే నాకు నెలసరి వచ్చేలా ఉంది. ఆపడానికి మాత్రలు వేసుకోమని ఒకరు, వద్దని ఒకరు.

బొబ్బిలి_అప్ప · సోమవారం, మధ్యాహ్నం 3:02

చెల్లీ, ముందు ఆ మాత్రల సంగతి. డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు. పక్కింటామె వేసుకుంది కదా అని నువ్వూ వేసుకుంటే మాత్రం కుదరదు, ఒక్కో ఒంటికి ఒక్కోలా పడతాయి. వస్తే రానీ. కలశం ఇంకో ఇంటావిడ మోస్తుంది. పీటల మీద ఎలాగన్నది మీ అత్తగారు పురోహితుల్ని అడుగుతారు, దానికో దారి వాళ్లు చెప్తారు. ఇందులో సిగ్గుపడాల్సిందీ, బాధపడాల్సిందీ ఏమీ లేదు.

ఇక పనులంటావా, ఆడవాళ్లు లేకపోతే ప్రతిష్ఠ సగం ఆగిపోతుంది. మొదటి రోజు పొద్దున్న ఏటికెళ్లి కలశాలతో నీళ్లు తేవడం మనదే. తలమీద పసుపు పూసిన బిందె, మామిడాకులు, కొబ్బరికాయ. ముందు సన్నాయి మేళం. మీది నాగావళి ఒడ్డు కాబట్టి ఏరు దగ్గరే ఉంటుంది, అయినా ఫాల్గుణం ఎండ పది గంటలకే మాడ్చేస్తుంది. నడిచేటప్పుడు చెప్పులుండవు. ముందురోజే అరికాళ్లకి పసుపు, నూనె రాసుకో. వీధుల్లో నీళ్లు చల్లించమని కమిటీకి చెప్పించు.

అన్నిటికంటే ముందు గ్రామదేవత దగ్గరికి వెళ్తారు. మా బొబ్బిలి వైపైనా మీ వైపైనా, రాముడు వచ్చినా శివుడు వచ్చినా ముందు అమ్మకి చెప్పుకోవాల్సిందే. పసుపు, కుంకుమ, చీర, గాజులు, చలివిడి, వడపప్పు. ఆ ముడుపు ఒక పళ్లెంలో నువ్వే పట్టుకెళ్లు.

ఊరి ఆడపడుచుల్ని పిలిచి చీర పెడతారు. ఎక్కడెక్కడికో ఇచ్చిన ఆడపిల్లలు అందరూ పుట్టింటికి వస్తారు. డెబ్బయ్యేళ్ల ముసలామె కూడా ఆ రోజు ఆ ఊరి పిల్లే. మా ఊరి ప్రతిష్ఠకి చిన్నప్పటి నేస్తాలం పెళ్లిళ్లయ్యాక మొదటిసారి ఒక అరుగు మీద కూర్చున్నాం. పెద్ద పండగలకి కూడా అలా అందరం కలవలేదు. నువ్వు ఆ ఊరి కోడలివి కాబట్టి నీ పని వాళ్లకి నీళ్లిచ్చి, కాఫీలు పెట్టి, పక్కలు వేయడం. ఇంట్లో జనం నిండిపోతారు. దుప్పట్లు, పాత చీరలు ఎక్కువ పట్టుకెళ్లు.

వంట గాడిపొయ్యి మీద. పులిహోరకి ఆవ పెడతారు, గుమ్మడికాయ పులుసు, బూరెలు. సీతంపేట వైపు నుంచి అడ్డాకుల విస్తళ్లు తెప్పిస్తే ప్లాస్టిక్ ప్లేట్ల గోల ఉండదు. ఆ మూడు రోజులూ ఊళ్లో ఏ ఇంట్లోనూ నీసు వండరు, పాపకి గుడ్డు అలవాటుంటే ముందే మాన్పించు.

వలస_బతుకు · సోమవారం, రాత్రి 11:48

మాది పాతపట్నం వైపు. నేను చెన్నైలో సెంట్రింగ్ పని చేస్తాను. మా ఊరి వాళ్లు సగం మంది చెన్నై, హైదరాబాద్, విశాఖల్లోనే ఉంటారు. ప్రతిష్ఠకి అందరం ఒకే రైల్లో వచ్చాం. పలాసలో దిగేసరికి ప్లాట్‌ఫారమంతా మా ఊరివాళ్లే.

మేడమ్, ధ్వజస్తంభం నిలబెట్టేటప్పుడు మాత్రం ఎక్కడికీ వెళ్లొద్దు. మా ఊరికి ఏజెన్సీ నుంచి నారేప మాను తెచ్చారు. చెక్కి, ఇత్తడి తొడుగు వేశారు. గుంటలో రాగిరేకు, నవధాన్యాలు వేశాక జనం ఒక్కొక్కరే వచ్చి నాణెం వేశారు. మా అమ్మ తన ముక్కుపుడక తీసి వేసింది. వద్దని నేను చేయి పట్టుకోబోయాను, ఆమె నా వైపు చూడనైనా లేదు.

తర్వాత మోకులు. నాలుగు వైపులా నాలుగు మోకులు, ఒక్కో మోకుకి ఊరు ఊరంతా. వెనక పోటుకర్రలు పట్టుకున్నవాళ్లు. మధ్యలో మా ఊరి పెద్ద వడ్రంగి నిలబడి చెయ్యెత్తితే లాగాలి, దించితే ఆగాలి. మాట లేదు, చేతి సైగే. మాను కొంచెం లేచింది, ఆగింది. ఒక వైపు మోకు వదులైంది, పక్కకి వాలబోయింది. "పట్టండ్రా" అని ఎవరో అరిచారు. అందరం కాళ్లు నేలలో దిగేసి లాగాం. చేతులు బొబ్బలెక్కాయి. నిటారుగా నిలబడి అడుగు గుంటలో కూర్చున్నప్పుడు నేల అదిరింది. అప్పుడు పుట్టిన "గోవిందా" కేక నా జన్మలో మరెప్పుడూ వినలేదు. నేను పట్టణాల్లో ఎన్నో అంతస్తులు లేపాను. అవేవీ నావి కావు. ఆ మాను నాది.

ఇప్పుడు చాలా ఊళ్లలో క్రేన్ పెడుతున్నారు. ప్రమాదం తప్పుతుంది, తప్పు కాదు. కానీ చివరి లాగుడుకి మోకు జనం చేతికి ఇవ్వమని మీ కమిటీకి చెప్పండి.

మా_వీధి_చివర · మంగళవారం, ఉదయం 8:30

పైన రాసినవన్నీ చదివాను. బాగున్నాయి. నేను ఒక మాట చెప్పాలి. మాది విజయనగరం జిల్లాలో ఒక ఊరు. నా చిన్నప్పుడు జరిగిన ప్రతిష్ఠకి విగ్రహాల ఊరేగింపు మా పేట దాకా రాలేదు. రోడ్డు మలుపు దగ్గర బండి తిప్పేశారు. మా నాన్న కొత్త పంచె కట్టుకుని, మా అమ్మ హారతి పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. మేళం చప్పుడు దగ్గరికొచ్చి దూరమైపోయింది. చందా మాత్రం మా దగ్గరా తీసుకున్నారు.

అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంతో 1950లోనే రద్దు చేసింది. ఊళ్లో గుడి అందరిదీ అంటారు, నిజమే. అందరిదీ అయితే బండి అన్ని వీధులూ తిరగాలి, కలశం మోసే వరుసలో అన్ని పేటల ఆడవాళ్లూ ఉండాలి. నాగావళి_కోడలు గారూ, మీరు చదువుకున్నవారు. మీ ఊరి పత్రికలో ఊరేగింపు దారి ఏముందో ఒకసారి అడగండి.

ఉద్దానం_తోట · మంగళవారం, ఉదయం 9:05

ఆమె ఏం తీసుకెళ్లాలని అడిగారు. దైవకార్యం గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఇక్కడ కులాల గొడవ ఎందుకు? ఇప్పుడు కాలం మారింది.

రాజాం_మాస్టారు · మంగళవారం, ఉదయం 10:40

ఉద్దానం గారూ, ఇది గొడవ కాదు. దైవకార్యం గురించే ఆయన మాట్లాడారు. మేళం వినపడి కూడా స్వామి రాకపోతే ఆ ఇంటి వాకిట్లో నిలబడ్డ పిల్లాడి మనసులో ఏం మిగులుతుందో నేను బడిలో చూశాను. కాలం దానంతట అది మారదండి. ఎవరో ఒకరు మొదటి మీటింగులో నోరు విప్పితే మారుతుంది.

మా ఊళ్లో కమిటీ వేసేటప్పుడే మూడు సంగతులు కాగితం మీద రాసుకున్నాం. ప్రతి వీధి నుంచీ ఇద్దరు కమిటీలో ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. ఊరేగింపు చివరి పేట నుంచే మొదలవ్వాలి. అన్నసంతర్పణలో ఒకే పంక్తి, వడ్డించేవాళ్లు కూడా అన్ని వీధుల వాళ్లూ. ముగ్గురు పెద్దలు మొదట ఒప్పుకోలేదు. వాళ్ల ఇళ్లకి రాత్రిళ్లు వెళ్లి కూర్చుని మాట్లాడాం. చివరికి అందులో ఒకాయనే గరిటె పట్టుకుని పులిహోర వడ్డించారు. ఇది ప్రతిష్ఠకి ముందే తేలాలి. బండి బయల్దేరాక రోడ్డు మీద వాదనకి దిగితే ఎవరికీ మంచిది కాదు.

నాగావళి_కోడలు · మంగళవారం, రాత్రి 9:20

అడిగాను. పత్రికలో "పురవీధుల గుండా" అనే ఉంది, ఏ వీధులో లేదు. మామయ్యగారు కమిటీ వాళ్లతో మాట్లాడి, కింది పేటలు రెండూ దారిలో రాయించారు. ఒకరిద్దరు దూరం ఎక్కువవుతుందన్నారట, ట్రాక్టరే కదా అని ఆయన అన్నారట. మా_వీధి_చివర గారూ, మీరు రాయకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

ఇంకో ప్రశ్న. పాత రామాలయంలోని విగ్రహాలు ఏమవుతాయి? అత్తయ్యగారు వాటి గురించి బాగా బెంగపడుతున్నారు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె రోజూ దీపం పెట్టిన మూర్తులు అవి.

నెల్లిమర్ల_జంక్షన్ · బుధవారం, ఉదయం 7:12

మాది రామతీర్థం దగ్గరే కాబట్టి ఇది దగ్గర నుంచి చూశాను. 2020 డిసెంబరులో బోడికొండ మీద కోదండరాముడి విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేసిన సంగతి అందరికీ తెలుసు. తిరుమల తిరుపతి దేవస్థానం వాళ్లు కొత్త విగ్రహాలు చేయించి ఇచ్చారు. కొండ మీద గుడి కట్టేదాకా కింద బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో ఉంచి పూజలు చేశారు. 2022 ఏప్రిల్‌లో కొండపైన పునఃప్రతిష్ఠ జరిగింది. ఆ మధ్యకాలంలో మా ఇంట్లో పెద్దవాళ్లు కొండ వైపు చూసినప్పుడల్లా కళ్లు తుడుచుకునేవాళ్లు. బాలాలయం అంటే ఉత్త షెడ్డే అనుకుంటారు కొందరు. అక్కడ కూడా నిత్యపూజ, నైవేద్యం తప్పకుండా జరగాలి.

యాగశాల_నీడ · బుధవారం, ఉదయం 8:55

పాత గుడి విప్పేముందు మూర్తిలో ఉన్న కళని కలశంలోకి ఆవాహన చేస్తారు. కళాకర్షణ అంటారు. ఆ కలశం నుంచి బాలాలయంలోకి, తర్వాత కొత్త బింబంలోకి. కాబట్టి మీ అత్తగారు దీపం పెట్టిన రాముడు ఎక్కడికీ పోలేదని చెప్పండి. పాత విగ్రహం భిన్నమైతే నిమజ్జనం చేస్తారు. బాగుంటే కొత్త గుడిలోనే ఒక పక్క ఉంచే వీలుంటుంది, అది ఆగమం తెలిసిన పెద్దలు తేలుస్తారు. నిమజ్జనమైతే ఆమెని వెంట తీసుకెళ్లండి. ఆఖరి హారతి ఆమె చేత ఇప్పించమని అర్చకుల్ని అడగండి, కాదనరు.

గుడి అంటే గోపురమే అనుకోనక్కర్లేదు. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లన్న పైకప్పు లేకుండా ఎండకి, వానకి అలాగే ఉంటాడు. శ్రీకూర్మంలో స్వామి పడమర చూస్తాడు, అందుకే అక్కడ ధ్వజస్తంభాలు రెండు. ఒక్కో చోట ఒక్కో పద్ధతి. మీ ఊరి పద్ధతి మీ ఊరి పెద్దలకి తెలుస్తుంది, ఫోన్‌లో చూసి పక్క ఊరితో పోల్చవద్దు.

ఉద్దానం_తోట · బుధవారం, మధ్యాహ్నం 12:30

మాస్టారు చెప్పినదాని మీద నిన్నంతా ఆలోచించాను. కాదనడానికి నా దగ్గర మాట లేదు.

మాది పలాస దగ్గర. మేము మరిచిపోలేని ఒక సంగతి మాత్రం ప్రతి కమిటీకీ చెప్తున్నాను. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి రోజు కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మనం చిన్న ఊరే కదా అనుకుంటాం. ప్రతిష్ఠ రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చేస్తాయి. లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి వేరువేరుగా ఉండాలి. మెట్ల మీద, వెదురు బారికేడ్ల మీద జనం ఒరగకుండా కుర్రాళ్లని నిలబెట్టాలి. పోలీస్ స్టేషన్‌కి, దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముందే కాగితం ఇవ్వాలి. నేత్రోన్మీలనం అయ్యాక తెర తీసినప్పుడు అందరూ ఒక్కసారి ముందుకి తోస్తారు, అదే అసలు ప్రమాదం. పాపని ఆ సమయంలో నేల మీద నిలబెట్టకండి, ఎత్తుకోండి.

ఇంకొకటి. యాగశాల వేసే చోట రావిచెట్టుకో, గోపురానికో తేనెపట్టు ఉందేమో చూడమనండి. హోమం పొగకి ఈగలు లేస్తే యాగశాలలో ఒక్కరు మిగలరు. ముందే తెలిసినవాళ్ల చేత తీయించాలి.

బొబ్బిలి_అప్ప · బుధవారం, సాయంత్రం 5:44

రాత్రి కార్యక్రమాల గురించి ఎవరూ రాయలేదు. డీజే పెట్టొద్దని నా గట్టి మాట. మన జిల్లాల సొమ్ము తప్పెటగుళ్లు. రొమ్ముకి కట్టుకున్న రేకు తప్పెట మీద దెబ్బ, కాళ్లకి గజ్జెలు, నోట పాట, మూడూ ఒకే మనిషి చేస్తాడు. గుండ్రంగా తిరుగుతూ ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. ఆ బృందాలకి ఇచ్చే డబ్బు డీజేకి పోసేదానికంటే తక్కువే. పిల్లలు అవి చూడకపోతే రేపు పేరు కూడా గుర్తుండదు. ఆడపిల్లల కోలాటం కూడా ఉండాలి.

రాజాం_మాస్టారు · బుధవారం, రాత్రి 8:15

ప్రయాణం గురించి. మీకు దగ్గర స్టేషన్ శ్రీకాకుళం రోడ్, అది ఆమదాలవలసలోనే ఉంది. బస్సులో వచ్చి శ్రీకాకుళంలో దిగితే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులుంటాయి. ఎలాగూ వచ్చాం కదా అని అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం కూడా ఆ మూడు రోజుల్లోనే ఇరికించొద్దు. కంకణం ఉండగా మీ వారు ఎలాగూ దాటలేరు. విరమణ అయ్యాక ఒక రోజు ఉండి శ్రీముఖలింగం చూసి వెళ్లండి. తూర్పు గాంగుల కాలపు శిల్పం, వంశధార ఒడ్డు. సంగం కూడా మంచిదే, నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలిసే చోటు. నాగావళి ఒడ్డున బలరాముడు ప్రతిష్ఠించాడని చెప్పుకునే ఐదు శివలింగాల్లో అక్కడి సంగమేశ్వరుడు ఒకడు. ఏ ఏటి నీళ్లతో మీ రాముడికి అభిషేకం జరుగుతుందో, ఆ ఏరే.

నాగావళి_కోడలు · పదకొండు రోజుల తర్వాత, ఆదివారం ఉదయం 10:05

వచ్చేశాం. అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

కలశం నేనే మోశాను. నా ముందు రెండో వరుసలో కింది పేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నడిచారు. ఆ ఊళ్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నా కలశం తలకెత్తుకోవడం ఇదే మొదటిసారి అని చెప్పారు. దారంతా ఆమె ఒక్కసారి కూడా బిందె మీద చేయి వేయలేదు, తల మీదే నిలిపారు. మేమంతా రెండు చేతులతో పట్టుకున్నాం. ఊరేగింపు వాళ్ల పేటకి వెళ్లినప్పుడు వాకిళ్లన్నీ పేడనీళ్లు చల్లి ముగ్గులు వేసి ఉన్నాయి. ప్రతి ఇంటి ముందూ ట్రాక్టర్ ఆగింది. అనుకున్నదానికంటే రెండు గంటలు ఆలస్యమైంది. ఎవరూ తొందరపెట్టలేదు.

జలాధివాసం దగ్గర పాప రాముడి పాదాల మీద చేయి పెట్టి, "చల్లగా ఉన్నారు" అంది. అద్దం చూపించిన తర్వాత కన్నెపిల్లల వరుసలో నిలబడింది. తెర తీసే ముందు మా మరిది ఎత్తుకున్నాడు, ఉద్దానం గారు చెప్పినట్టే. కుర్రాళ్లు మోకు కట్టి వరుసలో పంపారు, తోపులాట లేదు.

అష్టబంధనం దంచుతున్నప్పుడు మా వారు కూడా రోకలి పట్టుకున్నారు. కాసేపటికే చొక్కా తడిసిపోయింది. పక్కన ఉన్న మేనమామ "ఆపకు, ఆపితే బిగిసిపోద్ది" అని అంటూనే ఉన్నారు. ఆఫీసు ఫోన్ రెండుసార్లు మోగింది, తీయలేదు.

పాత విగ్రహాల నిమజ్జనానికి అత్తయ్య వెళ్లారు. హారతి ఆమే ఇచ్చారు. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

యాగశాల_నీడ · ఆదివారం, మధ్యాహ్నం 2:20

చాలా సంతోషం తల్లీ. ఇప్పుడు అసలు సంగతి. ప్రతిష్ఠ తర్వాత మండలం రోజులు రోజూ అభిషేకం జరగాలి. మన వైపు 48 రోజులు చేయడం ఎక్కువ, కొన్నిచోట్ల 41. మూడు రోజులు లక్షలు ఖర్చుపెట్టి, నాలుగో వారానికి దీపంలో నూనె లేని గుళ్లు నేను చూశాను. అర్చకుడికి పూట గడవక తలుపు తీయడం తగ్గుతుంది. అంత అష్టబంధనం వేసి, అంత జపం చేసి పెట్టిన చోట సాయంత్రం దీపం లేకపోతే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

ఆదాయం లేని గుళ్లకి దేవాదాయ శాఖ ధూపదీప నైవేద్యం పథకం ఉంది. నెలకి ఇచ్చే 5,000 రూపాయలని 10,000 చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. మీ కమిటీ దరఖాస్తు పెట్టిందో లేదో కనుక్కోండి. అయినా అర్చకుడి బతుకు, నూనె, పూలు, కరెంటు బిల్లు అన్నీ దానితోనే నడవాలంటే కష్టం.

వలస_బతుకు · ఆదివారం, రాత్రి 10:30

మా ఊళ్లో ఎలా చేస్తున్నామో చెప్తాను. బయట పనిచేసే కుటుంబాలు నెలలో ఒక్కో తేదీ తీసుకున్నాయి. మాది 17. ఆ రోజు నైవేద్యం, నూనె, పూలు, అర్చకుడి దక్షిణ మా ఖర్చు. పాప పుట్టినరోజో, మీ పెళ్లిరోజో కాకుండా ప్రతి నెలా ఒకే తేదీ తీసుకుంటే మరిచిపోరు. డబ్బు నేరుగా అర్చకుడికి వెళ్తుంది, లెక్క గుడి గోడ మీద బోర్డులో రాస్తారు. చెన్నైలో పని లేని నెల నేను ఇవ్వలేకపోతే పక్క తేదీ వాళ్లు సర్దుతారు. ఇప్పటిదాకా ఒక్క పూట కూడా తలుపు మూసి లేదు.

మా_వీధి_చివర · సోమవారం, ఉదయం 7:40

కలశం మోసిన ఆ పెద్దావిడ గురించి మా అమ్మకి చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. తేదీలు పంచేటప్పుడు ఆ రెండు పేటలకి కూడా అడగండి. చందా అడిగినట్టు కాకుండా, మీ రోజు ఏది అని అడగండి. కాదనే ఇల్లు ఉండదని నా నమ్మకం.

నాగావళి_కోడలు · సోమవారం, మధ్యాహ్నం 1:50

వలస_బతుకు గారూ, ఇది మామయ్యగారికి పంపించాను. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇప్పటికి పద్దెనిమిది తేదీలు నిండాయి, కింది పేటల నుంచి ఆరు కుటుంబాలు ఉన్నాయి. మేము 5వ తేదీ తీసుకున్నాం. అత్తయ్య అమావాస్యలన్నీ తనవే అంటున్నారు. ధూపదీప నైవేద్యం దరఖాస్తు ఇంకా పెట్టలేదట, ఈ వారం మామయ్యగారు, సర్పంచ్ గారు కలిసి శ్రీకాకుళం వెళ్తున్నారు.

48వ రోజు మండలాభిషేకం. వైశాఖంలో పడుతుంది, ఎండ బాగా ఉంటుంది కాబట్టి పొద్దున్న 6 గంటలకే మొదలుపెడతామన్నారు. ఆ వైపు నుంచి ఎవరైనా రావాలనుకుంటే ముందురోజు రాత్రికే వచ్చేయండి. మా ఇంట్లో మిద్దె మీద పడుకోవచ్చు, దుప్పట్లు ఉన్నాయి. బొబ్బిలి అప్పా, తప్పెటగుళ్ల బృందం ఎవరిదైనా తెలిస్తే కమిటీ వాళ్లకి చెప్పాలి, అడుగుతున్నారు.